ఆఖరి పల్లవి ఏమైపోయింది?

పోయిన నెల ఈ పేజీలో ఒక పాట గురించి చెబుతూ, చివర్లో సౌండ్ మెల్లగా తగ్గిపోయి మాయమవడం (ఫేడ్ అవుట్ అంటారు) నాకు నచ్చలేదని ఒక్క ముక్క రాశాను. ఈ మధ్య దేనికీ రానన్ని ఉత్తరాలు దానికి వచ్చాయి. సగం మంది నాతో ఏకీభవించారు, సగం మంది కోప్పడ్డారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నా.

ప్ర: దీని మీద మా ఇంట్లో గొడవే. సౌండ్ తగ్గుతూ తగ్గుతూ పోయే పాట వింటే నాకు అన్నం తింటుండగా విస్తరి లాగేసినట్టుంటుంది. మావారేమో అలా పోతేనే పాట మనసులో తిరుగుతూ ఉంటుందంటారు. తీర్పు మీరే చెప్పాలి. – ఒక పాఠకురాలు, తెనాలి

జ: మొగ్గు మీ వైపే అమ్మా, కానీ మీవారిని పూర్తిగా ఓడించడం నా వల్ల కాదు.

ముందు మీ బాధ సంగతి. మన పాట కట్టుబడిలోనే ఇంటికి తిరిగి రావడం ఉంది. చరణం ఎక్కడెక్కడో తిరిగి, చివరి పాదం దగ్గరికొచ్చేసరికి పల్లవి మొదటి మాటకి అందేలా మలుపు తిరుగుతుంది. మొదటి చరణం తర్వాత ఒకసారి వస్తుంది, రెండో చరణం తర్వాత మళ్లీ వస్తుంది, ఆ రెండోసారి వచ్చినప్పుడు మన చెవికి ముందే తెలుసు, ఇక పాట కుదురుకుంటుందని. కచేరీలో చూడండి, కృతి అయిపోయే ముందు మృదంగం తీర్మానం వాయిస్తుంది, ఒకే ముక్క మూడుసార్లు, ఆ మూడోదాని ఆఖరి దెబ్బ సరిగ్గా పల్లవి ఎత్తుగడ మీద పడుతుంది, గాయకుడూ వయొలినూ మృదంగమూ అందరూ అక్కడ కలుస్తారు, ముందు వరసలో చెయ్యి తిప్పుతూ తాళం వేస్తున్న పెద్దాయన కూడా అక్కడే తొడ మీద గట్టిగా ఒక్కటి చరుస్తాడు. ముక్తాయింపు అన్న మాట ఉపన్యాసాలకి వాడేస్తున్నాం కానీ అది పాట దగ్గరి మాట, వర్ణం నేర్చుకున్న ఏ పిల్లనడిగినా ముక్తాయి స్వరం అంటే ఏమిటో చెబుతుంది. ఒక్కో పాటకే కాదు, మొత్తం కచేరీకి కూడా ముగింపు ఉంది మనకి. త్యాగరాజస్వామి మంగళం ‘నీ నామ రూపములకు’ సౌరాష్ట్ర రాగంలో ఎత్తుకున్నారంటే చెప్పులెక్కడ విడిచామో గుర్తు తెచ్చుకోవాల్సిన టైమయిందన్నమాట. హరికథకీ మంగళం ఉంది. నాటకం పద్యమైతే మరీను, ‘జెండాపై కపిరాజు’ పాడే నటుడు ఆఖరి పాదం మీద రాగం ఎంతసేపు తీసినా సరే చివరికి దించాల్సిందే, ఆ దించిన క్షణానికే వన్స్‌మోర్ అని అరుపు లేస్తుంది. మెల్లగా మాయమయ్యే పద్యానికి వన్స్‌మోర్ ఎక్కడ కొడతాం చెప్పండి?

శంకరాభరణం (1980) చివరి ఘట్టం కూడా నాకు ఇదే చెబుతుంది. ‘దొరకునా ఇటువంటి సేవ’ పాడుతూ శంకరశాస్త్రి మధ్యలో కూలిపోతాడు. పాట అక్కడే ఆపేసినా సన్నివేశం నిలబడేది, ఏడవాల్సిన వాళ్లు ఏడ్చేవాళ్లు. కానీ విశ్వనాథ్ గారు ఆపలేదు. శిష్యుడైన పిల్లవాడు అందుకుంటాడు, పాటని ఒడ్డుకి చేరుస్తాడు, విద్వాంసుడి కాలికి తొడిగే గండపెండేరం ఆ తర్వాతే. హాల్లో కూర్చున్నవాళ్ల గుండెల్లో టెన్షన్ మనిషి ఏమవుతాడా అన్నదాని మీద ఎంతుందో పాట ఏమవుతుందా అన్నదాని మీదా అంతే ఉంది. దాన్ని పూర్తి చేసి చూపించారు కాబట్టే జనం కుదుటపడి ఇంటికెళ్లారని నా నమ్మకం.

ఇక మీవారి వైపు. మా నాయనమ్మ మా తమ్ముణ్ని చీర ఉయ్యాలలో వేసి ‘జో అచ్యుతానంద’ పాడేది. నేను పక్కనే చాప మీద పడుకుని వినేవాణ్ని. వాడి కళ్లు మూతలు పడుతుంటే మొదట మాటలు పోయేవి, జోజో ఒక్కటే మిగిలేది. కాసేపటికి అదీ పోయి ముక్కుతో తీసే రాగం మిగిలేది, తర్వాత రాగం కూడా పోయి ఉయ్యాల కొక్కెం కిర్రు కిర్రు మాత్రం వినపడేది, ఆ తర్వాత అదీ ఆగేది. పాట ఎక్కడ అయిపోయిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ పాటకి తీర్మానం కొట్టి ముగిస్తే పిల్లాడు ఉలిక్కిపడి లేస్తాడు. అలాగే ఉత్సవ విగ్రహం వెనకాల సన్నాయి మేళం వీధి మలుపు తిరిగి వెళ్లిపోతుంటే దాన్ని ఎవరూ ఆపలేదు, మనకి దూరమవుతోందంతే. సినిమాల్లో బండి పాటలూ పడవ పాటలూ ఇదే బాపతు.

కాబట్టి నేను పెట్టుకున్న లెక్క ఒకటి చెబుతా. పాట ముగిసే చోట ఎవరైనా ఎక్కడికైనా వెళ్తున్నారా? నిద్రలోకో, ఊరు దాటో, ఏటి మలుపు అవతలికో వెళ్తుంటే సౌండ్ తగ్గించడం న్యాయం. అలాకాక ఒకళ్లు ఎదురుగా నిలబడి మొర పెట్టుకుంటున్నారు, లేదా మాట ఇస్తున్నారు, లేదా నిలదీస్తున్నారు, అప్పుడు సౌండ్ తగ్గించారంటే మనిషి మాట్లాడుతుండగా తలుపు వేసేసినట్టే. మీరూ మీవారూ ఈసారి గొడవ పడేముందు అది ఏ రకం పాటో చూసుకోండి, సగం గొడవలు అక్కడే తీరతాయి.

ప్ర: అసలిది ఎవరు మొదలుపెట్టారు సర్? రికార్డుల కాలంలో జాగా చాలక కత్తిరించడం వల్లే వచ్చిందని మా లెక్చరర్ అన్నారు. – డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జ: మీ లెక్చరర్ గారు చెప్పింది కొంతవరకు నిజం. పది అంగుళాల 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డు ఒక్కో వైపు మూడు, మహా అయితే మూడున్నర నిమిషాలు. అయితే తొలినాళ్ల కళాకారులు ఆ జాగాలోనే పాటని కుదించుకుని ముగించేవాళ్లు, అంతేగానీ మాయం చేసేవాళ్లు కాదు. గౌహర్ జాన్ సంగతి వినే ఉంటారు, 1902లో కలకత్తాలో రికార్డింగ్ ఇచ్చారు. ఆవిడ పాట అయిపోగానే ‘మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్’ అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పేవారు. ఆ రికార్డులు అచ్చు కావడానికి జర్మనీలోని హనోవర్ వెళ్లేవి, అక్కడి పనివాళ్లకి ఏది ఎవరిదో తెలియాలి కదా. దానికంటే తేటగా పాట అయిపోయిందని చెప్పేది ఇంకేం ఉంటుంది!

మెల్లగా మాయం చెయ్యాలన్న ఆలోచన మాత్రం మెషిన్ల కంటే చాలా పాతది. 1772లో ఆస్ట్రియా స్వరకర్త హైడన్ ఒక సింఫనీ, అంటే వాద్యబృందమంతా కలిసి వాయించే పెద్ద రచన, రాశాడు. కథేమిటంటే వాళ్ల రాజుగారు వేసవి భవనంలో ఎన్నాళ్లున్నా కదలడం లేదు, వాద్యగాళ్లకేమో పెళ్లాంబిడ్డలు గుర్తొస్తున్నారు. దాంతో సింఫనీ చివర్లో ఒక్కొక్కరే తమ వంతు ముగించి, కొవ్వొత్తి ఆర్పి, లేచి వెళ్లిపోతారు, ఆఖరికి రెండే వయొలిన్లు మిగులుతాయి. రాజుగారికి విషయం అర్థమైందంటారు. చూశారా, అక్కడ కూడా ఎవరో వెళ్తున్నారు. తర్వాత 1918లో లండన్ క్వీన్స్ హాల్‌లో హోల్‌స్ట్ అనే ఆయన గ్రహాల మీద కట్టిన సంగీతం తొలిసారి వినిపించారు. అందులో చివరిది నెప్ట్యూన్. దానికి ఆడవాళ్ల కోరస్‌ని పక్కగదిలో నిలబెట్టి, చివర్లో పాడుతుండగానే ఆ గది తలుపు నెమ్మదిగా మూసుకుంటూ రావాలని ఆయన స్వరాల కాగితం మీదే రాశారు. సౌండ్ తగ్గించే ఫేడర్ అనే వస్తువు లేని రోజుల్లో తలుపే ఫేడర్.

ఎలక్ట్రికల్ రికార్డింగ్ 1925 ప్రాంతంలో వచ్చాక తలుపుతో పని లేకుండా పోయింది, ఒక నాబ్ తిప్పితే చాలు. 1950ల నుంచి పాశ్చాత్య పాప్ పాటల్లో ఇది బాగా పాకింది, తర్వాతి మూడు దశాబ్దాలూ దానిదే రాజ్యం. ఇంగ్లండ్ పాప్ బృందం బీటిల్స్ వాళ్ల ‘హే జూడ్’ (1968) మొత్తం ఏడు నిమిషాల పాటలో దగ్గర దగ్గర నాలుగు నిమిషాలు ఒకే కోరస్ తిరుగుతూ తిరుగుతూ కరిగిపోతుంది. ఆ గుంపు ఎక్కడో ఇంకా పాడుతూనే ఉందనిపించడం కోసం అలా చేశారనుకుంటే నాకేం అభ్యంతరం లేదు, అది నిజంగా పనిచేసింది.

ఇంకొకటి. ఇందాకటి హనోవర్‌లోనే కొన్నేళ్ల క్రితం సంగీత విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ప్రయోగం చేశారు, పాట వింటూ దరువు వెయ్యమన్నారు. ఖచ్చితంగా ముగిసే పాటైతే వినేవాళ్లు పాట ఆగడానికి కాస్త ముందే చెయ్యి ఆపేశారు, మాయమయ్యే పాటైతే సౌండ్ పోయాక కూడా కాస్త దరువు సాగింది. తెనాలి మేడమ్ గారి భర్తకి ఈ సమాచారం చేరవేస్తున్నా.

ప్ర: మా నాన్నగారి క్యాసెట్లు డబ్బా నిండా ఉన్నాయి. వాటిలో ప్రతి వైపూ ఆఖరి పాట రెండో చరణంలో నెమ్మదిగా తగ్గిపోతుంది. అదే పాట యూట్యూబ్‌లో పూర్తిగా ఉంది. సంగీత దర్శకులు రెండు రకాలుగా చేశారా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జ: లేదండీ, అది నాలాంటివాళ్ల పని. ఇది చెప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది.

ఇంటర్ అయ్యాక ఒకటిన్నర సంవత్సరం ఒక క్యాసెట్ రికార్డింగ్ షాపులో పనిచేశాను. జనం తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసుకొచ్చేవారు, ఖాళీ క్యాసెట్ కొని ఇచ్చి వెళ్లేవారు, రెండు రోజుల్లో నింపి ఇచ్చేవాళ్లం. సిక్స్టీ క్యాసెట్ అంటే వైపుకి ముప్పై నిమిషాలు. ఆరు పాటలు ఎక్కించాక చిన్న చక్రం మీద టేపు సన్నగా, వేలి గోరంత మందాన మిగిలేది. దాన్ని చూసి ఇంకా రెండు నిమిషాలుందని అంచనా వేసేవాణ్ని. ఏడో పాట నాలుగున్నర నిమిషాలు. వదిలేస్తే టేపు అయిపోయి పాట టక్కున తెగుతుంది, కస్టమరు తిట్టుకుంటాడు. అందుకని మా ఓనరు నేర్పిన పద్ధతి ఏమిటంటే, టేపు అయిపోవడానికి పది సెకన్ల ముందు బొటనవేలితో రికార్డింగ్ లెవెల్ నాబ్‌ని వెంట్రుకవాసి వెంట్రుకవాసి వెనక్కి తిప్పడం, మీటర్లో ముల్లు ఊగుతూ ఊగుతూ పడిపోతుంది, అప్పుడు స్టాప్. వినేవాడు పాట అంతే కాబోలు అనుకుంటాడు.

ఒకాయన మాత్రం అనుకోలేదు. వయసు అరవై పైనే, పంచె కట్టుకుని సైకిల్ మీద వచ్చి క్యాసెట్ బల్ల మీద పెట్టి, బాబూ నువ్వు నా పల్లవి మింగేశావు అన్నారు. కోపంగా అనలేదు. పాట పూర్తిగా ఆయనకి వచ్చు, పోయిన ముక్క అక్కడే నిలబడి సన్నగా పాడి వినిపించారు కూడా. ఓనరు ఒప్పుకోలేదు, ఇంకో క్యాసెట్ కొనమన్నాడు, ఆయన కొనలేదు. అలా వెళ్లిపోతుంటే నేను మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాను. మాయమయ్యే పాటలంటే నాకు పడకపోవడానికి కారణం సంగీతశాస్త్రం కాదని, ఆయన సైకిల్ స్టాండు తీసిన చప్పుడని చాలా ఆలస్యంగా తెలిసింది.

మీ నాన్నగారి క్యాసెట్లు పారెయ్యకండి. పూర్తి పాటలు ఇంకో చోట వినండి, వాటిని మాత్రం అలాగే ఉంచండి, లిస్టు ఎవరు రాశారో ఆ చేతిరాత అట్ట మీద ఉండే ఉంటుంది.

ప్ర: నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. సినిమాలో ఫేడ్ అవుట్ అయ్యే పాటని స్టేజీ మీద ఎలా ఆపాలో తెలియక ప్రతిసారీ ఒకరు ఆపుతారు, ఇద్దరు వాయిస్తూనే ఉంటారు. – నంద్యాల

జ: స్టేజీ మీద మాయమవ్వాలని ఎప్పుడూ ప్రయత్నించకండి, జనానికి మైకు పోయిందనిపిస్తుంది. ఆఖరి పల్లవి మొదటి పాదాన్ని మూడుసార్లు పాడించండి. మొదటి రెండుసార్లూ మామూలు నడకలో, మూడోసారి మాత్రం ఆఖరి మాటకి వచ్చేసరికి లయ కాస్త లాగి, ఆ మాట మీద అందరూ నిలిచి, ప్యాడ్స్ వాయించే అతను ఒక్క దెబ్బతో కొట్టి ముగించాలి. మూడోసారి మొదలవుతోందని గాయకుడు చెయ్యి పైకెత్తి చూపించాలి, ఇది ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే మీరు చెప్పిన గందరగోళం వాయించడం రాక కాదు, సైగ లేక వచ్చింది. ఇదేం కొత్త కిటుకు కాదు, ఇందాక చెప్పిన తీర్మానమే. ఆ ‘హే జూడ్’ని బీటిల్స్ గాయకుడు మెకార్ట్‌నీ కూడా స్టేజీ మీద పాడేటప్పుడు కరిగించెయ్యడు, జనం చేత ఎంతసేపు పాడించినా చివరికి ఒక చోట ఆపి దణ్ణం పెడతాడు.

భజన పాటలైతే ఇంకా సులువు. చెక్కభజనవాళ్లని చూడండి, చివర్లో నడక పెంచి పెంచి, ఇంకా పెంచితే కాళ్లు తడబడతాయనే చోట ఒక్కసారిగా ఆపేస్తారు. గోవిందా అని జనమే ముగిస్తారు.

ప్ర: షార్ట్ ఫిల్మ్ కోసం పాట చేశాం. చివర ఫేడ్ అవుట్ పెట్టాం, కానీ వింటే మెల్లగా తగ్గినట్టుండదు, చాలాసేపు అలాగే ఉండి ఠక్కున పడిపోయినట్టుంటుంది. ఎన్ని సెకన్లు పెట్టాలి? – వరంగల్

జ: సెకన్ల తప్పు కాదు, గీత తప్పు. సాఫ్ట్‌వేర్‌లో తిన్నటి గీత పెట్టి ఉంటారు. మన చెవి అలా వినదు. సౌండు పది డెసిబెల్స్ తగ్గితే గానీ సగానికి తగ్గినట్టు అనిపించదు. తిన్నటి గీతలో సగం దూరం వచ్చేసరికి తగ్గేది ఆరు డెసిబెల్స్ మాత్రమే, మిగిలిందంతా చివర్లో జలపాతంలా పడుతుంది. మొదట్లో కాస్త త్వరగా దిగి, చివర్లో సన్నగా సాగే వంపు ఎంచుకోండి. పన్నెండు సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. జనం ఫోన్లో, అదీ బస్సులో వింటారు, ఆఖరి మూడు నాలుగు సెకన్లు ఎలాగూ వాళ్లకి వినపడవు, కాబట్టి ఆ చోట ముఖ్యమైన మాటేదీ పెట్టకండి. మాట మధ్యలో మాత్రం మాయం చెయ్యకండి. ఆఖరిగా వినపడేది ఏమిటో మీరే నిర్ణయించుకోండి, ఫ్లూటా, కోరస్సా, గజ్జెల చప్పుడా. అది నిర్ణయించుకోలేకపోతున్నారంటే మీ పాటకి ఇంకా ముగింపు దొరకలేదు, మళ్లీ కూర్చోండి.

ప్ర: కార్లో పాట పూర్తిగా విననివ్వరు మా పిల్లలు, రెండో చరణం రాకముందే మార్చేస్తారు. – డాలస్ నుంచి ఒక తల్లి

జ: పిల్లల్నే అని లాభం లేదమ్మా. స్పాటిఫైలో ముప్పై సెకన్లు వింటే చాలు, పాట విన్నట్టే లెక్క. పాట చేసేవాళ్లు కూడా అందుకే శ్రద్ధంతా మొదట్లో పెడుతున్నారు, చివరి దాకా ఎవరుంటారులే అని. వారానికి ఒక్క పాట మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యకూడదని షరతు పెట్టండి, ఆ పాట వాళ్లనే ఎంచుకోమనండి.

ప్ర: మా అమ్మ పాడిన పాట ఒక్కటే నా ఫోన్లో ఉంది. తను పోయి ఎనిమిది నెలలైంది. రెండో చరణం తర్వాత పల్లవి ఎత్తుకుని, సగంలో ఆపి, ‘ఎన్ని విజిల్స్ వచ్చాయే?’ అని అడుగుతుంది, అక్కడితో రికార్డింగ్ అయిపోతుంది. సంవత్సరీకానికి అందరికీ వినిపిద్దామనుకుంటున్నాను. ఆ మాట తీసేసి ఫేడ్ అవుట్ పెడితే బాగుంటుందని మా అన్నయ్య అంటున్నాడు. – హైదరాబాద్

జ: పెట్టకండమ్మా. ఈ పేజీ అంతా పాటకి ముగింపు ఉండాలని వాదించాను, మాయమవడానికి ఎప్పుడు ఒప్పుకోవచ్చో కూడా చెప్పాను, మీ ఉత్తరం చదివాక ఆ లెక్కలు పక్కన పెట్టేశాను. ఫేడ్ అవుట్ పెడితే ఆవిడ పాడుతూ పాడుతూ ఎక్కడికో వెళ్లిపోయినట్టు వినపడుతుంది. ఆ రోజు ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు, వంటింట్లో ఉంది, పప్పు ఉడికిందో లేదో చూసుకుంటోంది, మిమ్మల్ని అడిగింది.

అందరికీ వినిపించాలనుకుంటే మొత్తం వినిపించండి, ఆ మాటతో సహా. మీ అన్నయ్య ఆవిడ పాడటం విన్నారు కదా, ఆగిన పల్లవిని ఆయన్ని అందుకోమనండి, శ్రుతి అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

ముందు ఈ పని చెయ్యండి. రికార్డింగ్‌ని ఫోన్లో అలాగే ఉంచి, వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా అన్నయ్యకి పంపండి, క్వాలిటీ పోదు. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి మీ ఇంట్లో కాకుండా వేరే ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంచండి. మీరు అప్పుడు ఎన్ని విజిల్స్ అని జవాబు చెప్పారో గుర్తుంటే అది కూడా ఒక కాగితం మీద రాసి దాంతోపాటు పెట్టండి.